దంపుడు పాట గ్రంథానికెక్కిన కాలం

కల్యాణ కటకంలో భూతమాత ఉత్సవం జరుగుతోంది. వేషాలు కట్టినవాళ్ళలో భిల్ల స్త్రీలా అలంకరించుకున్న ఒకామె పాడుతూ ఆడుతోంది. చాళుక్య రాజు సోమేశ్వరుడు అది చూసి మెచ్చుకుని ఊరుకోలేదు. ఆ ఆటకు కట్టుబట్ట, నడక, వరస అన్నీ ఏర్పరచి కొలువులోకి తెచ్చాడు. మహారాష్ట్ర దేశంలో భిల్ల స్త్రీని గొండలి అంటారు కాబట్టి ఆటకూ అదే పేరు స్థిరపడింది. ఈ సంగతి మనకు చెప్పినవాడు కల్యాణం మనిషి కాదు. ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుడి గజసేనను నడిపిన జాయప సేనాని. ఆయన 'నృత్తరత్నావళి' రాసింది 1253-54 ప్రాంతంలో. సోమేశ్వరుడు పోయి అప్పటికి నూరేళ్ళు దాటింది. అయినా ఆ ముచ్చట ఓరుగల్లు దాకా నడిచొచ్చి పుస్తకంలో చోటు సంపాదించుకుంది.

అది ఏ దారిన నడిచొచ్చిందో ఇదమిత్థంగా చెప్పలేం గాని, కల్యాణానికీ ఓరుగల్లుకూ మధ్య పటం మీద గీత గీస్తే అది నేటి వికారాబాద్ జిల్లాకు కొంత ఉత్తరంగా పోతుంది. ఆ జిల్లాలోని తాండూరు నుంచి కల్యాణం, అంటే నేటి బసవకల్యాణం, సూటిగా కొలిస్తే సుమారు 100 కిలోమీటర్లు. మాల్ఖేడ్ ఇంకా దగ్గర, 50 కిలోమీటర్ల లోపే. వికారాబాద్ కొండల్లో పుట్టిన కాగ్నా నది తాండూరు పక్కగా పారి, మాల్ఖేడ్ కోట పక్కనుంచే సాగి భీమలో కలుస్తుంది. ఆ మాల్ఖేడే రాష్ట్రకూటుల మాన్యఖేటం. ఇటువైపు అనంతగిరిలో పుట్టిన మూసీ హైదరాబాద్ మీదుగా తూర్పుకు పోతుంది. ఒకే కొండల నీళ్ళు ఒకటి కన్నడ దేశానికి, ఒకటి తెలుగు దేశానికి.

తాండూరు అనగానే ఇవాళ కందిపప్పు, నాపరాయి, సిమెంటు గుర్తొస్తాయి. సంగీత చరిత్రలో ఈ ఊరి పేరు ఎవరూ ఎత్తరు. కానీ మధ్యయుగపు దక్కనులో పాట గురించి శాస్త్రం రాసినవాళ్ళ కొలువులన్నీ ఈ నేల చుట్టూ ఉన్నాయి. కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఇది వాళ్ళ ఇంటి పెరడు. తర్వాత దీన్ని కోరుకున్నవాళ్ళు ఇటు కాకతీయులు, అటు దేవగిరి యాదవులు. ఆ మూడు కొలువుల నుంచీ సంగీత గ్రంథాలు వచ్చాయి.

ముందు మాన్యఖేటం సంగతి. అక్కడ 965లో పుష్పదంతుడనే జైనకవి అపభ్రంశ భాషలో 'మహాపురాణం' ముగించాడు. ఆయన విరివిగా వాడిన పద్ధడి ఛందస్సు మరో రెండు మూడు వందల ఏళ్ళకు సంగీత గ్రంథాల్లో పాట పేరుగా తేలింది. 972లో పరమార సీయకుడు మాన్యఖేటాన్ని కొల్లగొట్టాడు, మరుసటి ఏడాదికి రాష్ట్రకూటుల కథ ముగిసింది. నగరం కూలినా పద్ధడి బతికింది.

అసలు కథ ఆ గొండలిని మెచ్చిన మూడో సోమేశ్వరుడితో మొదలవుతుంది. 1126లో గద్దెనెక్కి 1138 దాకా ఏలాడు. యుద్ధాల్లో తండ్రి విక్రమాదిత్యుడికి సాటి రాలేదు గాని, సర్వజ్ఞుడన్న బిరుదు మాత్రం దక్కింది. ఆయన పేర 1130 ప్రాంతంలో వెలువడిన 'మానసోల్లాసం' నూరు అధ్యాయాల పుస్తకం. రాజ్యం సంపాదించడం, నిలబెట్టుకోవడం, అనుభవించడం అన్నీ అందులో ఉన్నాయి. ఏనుగులను పట్టడం, చేపల వేట, రత్నపరీక్ష, వంటలు. మన ఇడ్లీకి ముత్తవ్వ లాంటి ఇడరిక కూడా అందులోనే కనిపిస్తుంది. వినోదాల భాగంలో గీతం, వాద్యం, నృత్యం వేర్వేరు అధ్యాయాలు. పాట గురించి రాస్తున్నప్పుడు కూడా ఈ రాజుది వంటల గురించి రాసిన చెయ్యే: ఎక్కడ, ఎవరు, ఎప్పుడు అన్నది వదలడు.

పెళ్ళిలో పాడేది ధవళం. హోళీ నాడు పాడేది చచ్చరి. యోగులు పాడుకునేది చర్య. ఇక ఓవి అనే పాటను మహారాష్ట్రలో ఆడవాళ్ళు ధాన్యం దంచుతూ పాడతారని రాశాడు. రోకటి పాట రాజు గ్రంథంలోకి ఎక్కడమనేది చిన్న విషయం కాదు. అంతకు ముందు వచ్చిన మతంగుడి 'బృహద్దేశి' కూడా ఆడవాళ్ళు, పశులకాపరులు, రాజులు తమ తమ దేశాల్లో ఇష్టంగా పాడుకునేది దేశి అని ఒప్పుకుంది. కానీ దంచేటప్పుడు ఏం పాడతారో అడిగి, దాని పేరు రాసుకున్నవాడు సోమేశ్వరుడు. ఈ వ్యాసం చెప్పదలచిన మాట ఇదే. మధ్యయుగపు సంగీత శాస్త్రం పైనుంచి ఊళ్ళోకి దిగిందని మనకు అలవాటైన నమ్మకం. దక్కనులో మాత్రం, దేశి విషయంలోనైనా, ఊళ్ళో పాట ముందు, పుస్తకం వెనుక.

సోమేశ్వరుడి కొడుకు రెండో జగదేకమల్లుడు కూడా 'సంగీత చూడామణి' రాశాడు. అది పూర్తిగా దొరకలేదు. తర్వాత కొద్దికాలానికే కలచురి బిజ్జలుడు కల్యాణాన్ని లాక్కోవడం, బసవేశ్వరుడి చుట్టూ శరణులనే శివభక్తులు చేరడం, 1167 నాటి కల్లోలంలో వాళ్ళు చెల్లాచెదురు కావడం జరిగాయి. సంగీత చరిత్రకారులు ఈ ఘట్టాన్ని మతచరిత్రకు వదిలేస్తారు. నిజానికి ఒక వాద్యం కథ ఇక్కడే ఉంది.

ఆ శరణుల్లో కిన్నర బ్రహ్మయ్య ఒకడు. కంసాలి పని వదిలి, ఆంధ్ర దేశం నుంచి కల్యాణం చేరి, త్రిపురాంతకుడి గుడి ముందు కిన్నర వాయిస్తూ బతికాడని శరణుల సంప్రదాయం చెబుతుంది. ఉల్లిపాయను బసవన్న తక్కువ చేసి మాట్లాడాడని అలిగి వెళ్ళిపోతే, బసవన్న ఉల్లికి ఊరేగింపు చేసి మరీ వెనక్కి పిలుచుకొచ్చాడట. పాలకురికి సోమనాథుడు ఈ భక్తుడిని 'బసవపురాణం'లోకి తెచ్చాడు. కొలువుల్లో వీణ పట్టినవాళ్ళ పేర్లు చాలామటుకు చెరిగిపోయాయి. ఉల్లిపాయ ఇష్టపడిన ఈ కిన్నర వాయిద్యగాడి పేరు మాత్రం తెలుగులోనూ కన్నడలోనూ నిలిచింది.

సోమనాథుడిని సాహిత్య విద్యార్థులు చదివినంతగా సంగీత విద్యార్థులు చదవరు. అది నష్టం. 13వ శతాబ్దికి చెందిన 'పండితారాధ్య చరిత్ర'లో పర్వత ప్రకరణం తెరిస్తే శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం కనిపిస్తారు. వాళ్ళ పాటలకు ఆయన పేర్లు పెట్టి మరీ చెప్పాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. వీణల రకాలు, రాగాల పేర్లు, తాళాలు, ఆటగాళ్ళ విన్యాసాలు వరసగా వస్తాయి. శాస్త్రం తెలియనివాడు రాసిన జాబితా కాదది. వేదం చదివి రుద్రభాష్యం రాసినవాడు, పదిమందీ కలిసి పాడుకోవడానికి వీలైన ద్విపదను కావాలని ఎంచుకున్నాడు. పద్యం ఒకరు చదివితే పదిమంది వింటారు, ద్విపద ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు.

జాయపది వేరే తోవ. ఆయన సంస్కృతంలో, సేనానికి తగ్గ క్రమశిక్షణతో రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగూ మార్గానికి, అంటే భరతుడి శాస్త్ర పద్ధతికి, తర్వాతి నాలుగూ దేశికి. సరిగ్గా సగం. పేరణి, రాసకం, చర్చరి, కోలాటానికి పూర్వరూపమైన దండరాసకం, మొదట్లో చెప్పుకున్న గొండలి, అన్నీ ఆ రెండో సగంలోవే. ఆయన అక్కచెల్లెళ్ళు నారమ్మ, పేరమ్మ గణపతిదేవుడి భార్యలు. అంటే రాజుకు బావమరిది, దళపతి, పైగా నాట్యశాస్త్రవేత్త. పాట గురించి 'గీతరత్నావళి' అనే మరో పుస్తకం కూడా రాసినట్టు తెలుస్తోంది, అది దొరకలేదు. తెలుగు నేల సంగీత చరిత్రలో దీన్ని మించిన లోటు మరొకటి ఉందనుకోను. దేశి ఆటల గురించి అంత వివరంగా రాసినవాడు దేశి పాటల గురించి ఏం రాసి ఉంటాడో ఊహించుకోవాల్సిందే.

ఆ ఖాళీని కొంతవరకు పూడ్చేది దేవగిరి పుస్తకం. కాశ్మీరం నుంచి దక్కనుకు వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన శార్ఙ్గదేవుడు యాదవ సింఘణుడి (1210-1247) కొలువులో లెక్కల అధికారి. వైద్యం కూడా తెలుసు. అందుకే ఆయన 'సంగీత రత్నాకరం' సరిగమలతో మొదలవదు, పిండం ఎలా ఏర్పడుతుంది, దేహంలో నాదం ఎక్కడ పుడుతుంది అన్నదానితో మొదలవుతుంది. ఏడు అధ్యాయాలు, 264 రాగాలు, 120 దేశి తాళాలు. లెక్కలవాడు కదా!

సోమేశ్వరుడు పేర్కొన్న ఓవి ఇక్కడా ఉంది. దేశభాషలో, ప్రాసలతో మూడు ఖండాలు, చివర 'ఓవి' అన్న మాట, ఇదీ లక్షణం. నూరేళ్ళలో రోకటి పాటకు కొలతలు కూడా వచ్చాయన్నమాట. ఆ పక్కనే ధవళం, మంగళం, త్రిపది, షట్పది, మాన్యఖేటపు పద్ధడి బారులు తీరి ఉన్నాయి.

గ్రంథంలో ఎక్కువమంది దాటేసే భాగం ప్రకీర్ణకాధ్యాయం. పాడేవాడి దోషాలు 25 అని అందులో ఏకరువు పెట్టాడు. పళ్ళు బిగబట్టి పాడేవాడు, భయపడుతూ పాడేవాడు, వణుకుతూ పాడేవాడు, నోరు గుహలా తెరిచేవాడు, కాకిగొంతువాడు, ఒంటెలా మెడ చాచేవాడు, మేకలా అరిచేవాడు, బుగ్గలు సొరకాయల్లా పూరించేవాడు, మెడ వంకర తిప్పేవాడు, ముక్కుతో పాడేవాడు. కళ్ళు మూసుకుని పాడటం కూడా దోషమే. ఈ జాబితా పట్టుకుని ఏ గానసభకు వెళ్ళినా ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు కాలక్షేపానికి లోటుండదు. ఇవి రాసినవాడు తాళపత్రాల మధ్య కూర్చుని ఊహించినవాడు కాదు, కచేరీల్లో కూర్చుని విసుక్కున్నవాడు.

బృందాల లెక్క కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ఉత్తమ బృందానికి ముఖ్య గాయకులు నలుగురు, వెనక పాడేవాళ్ళు ఎనిమిదిమంది, గాయనులు 12 మంది, వేణువు వాళ్ళు నలుగురు, మద్దెల వాళ్ళు నలుగురు. మొత్తం 32. కనిష్ఠ బృందమైతే ముఖ్య గాయకుడు ఒక్కడే, వెనక ముగ్గురు, గాయనులు నలుగురు, రెండు వేణువులు, రెండు మద్దెలలు. తాండూరు పక్క పల్లెల్లో కార్తీకంలోనో శ్రావణంలోనో కూర్చునే భజన బృందం ఈ రెండో లెక్కకు దగ్గరగా వస్తుంది. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. వేణువు స్థానంలో హార్మోనియం వచ్చింది, అంతే తేడా.

ఇంత శాస్త్రం ఉన్నా, ఆ పాట ఎలా వినిపించేదో మనకు తెలియదు. శార్ఙ్గదేవుడు పాత జాతులకూ గ్రామరాగాలకూ స్వరాలు రాసి చూపాడు. ఓవికీ ధవళానికీ లక్షణం చెప్పి వదిలేశాడు. అందరికీ తెలిసిన పాటకు స్వరాలెందుకు అనుకుని ఉంటాడు. అప్పటికే యూరప్‌లో పరిస్థితి తిరగబడి ఉంది. ఇటలీలో గ్విడో అనే సన్యాసి 1025 ప్రాంతంలో గీతల మీద స్వరం గుర్తించే పద్ధతి దిద్దాడు. చర్చి స్తోత్రాలు ఆ గీతలకెక్కాయి. 1833లో మళ్ళీ తెరుచుకున్న ఫ్రాన్సులోని సొలెం మఠం ఆ పాత పుస్తకాలను దగ్గర పెట్టుకుని గ్రెగరీ గానాన్ని తిరిగి పాడగలిగింది, అదీ లయ గురించి ఎడతెగని వాదాల మధ్య. వాళ్ళకు గుడి పాట మిగిలింది, సంతలో పాట చాలావరకు పోయింది. మనకు సంతలో పాట పేరూ లక్షణమూ మిగిలాయి, వరస మాత్రం నోటికే వదిలేశారు. తిరుమల సంకీర్తన భాండాగారపు రాగిరేకుల మీద అన్నమయ్య పదాల సంగతీ ఇంతే. ప్రతి పదానికీ రాగం పేరుంది, స్వరం లేదు.

పుస్తకాలైనా సులభంగా మిగల్లేదు. రత్నాకరానికి దొరికిన వ్యాఖ్యల్లో మొదటిది 14వ శతాబ్దిలో రాచకొండ ఏలిన రేచర్ల సింగభూపాలుడి పేర ఉంది. ఆ తర్వాతిది విజయనగరపు కల్లినాథుడిది. అప్పటినుంచి ఇరవయ్యో శతాబ్ది దాకా ఈ గ్రంథాలు చాలావరకు తాళపత్రాల్లో నిద్రపోయాయి. లేపినవాళ్ళలో ముందు చెప్పాల్సింది మానవల్లి రామకృష్ణకవిని. తెలంగాణలోని వనపర్తి సంస్థానంలో కొంతకాలం కొలువు చేసిన ఈయన నన్నెచోడుడి 'కుమారసంభవం' వెలికి తెచ్చిన మనిషిగానే సాహిత్యలోకానికి తెలుసు. నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుడి వ్యాఖ్యతో సహా పరిష్కరించి బరోడా నుంచి 1926లో మొదటి సంపుటం తెచ్చింది కూడా ఆయనే. ఆయన 'భరతకోశం' 1951లో తిరుపతిలో అచ్చయింది. సంగీత, నాట్య గ్రంథాల పారిభాషిక పదాలన్నీ ఒకచోట చేర్చిన నిఘంటువది. 'మానసోల్లాసం' మొదటి సంపుటం బరోడాలోనే 1925లో వచ్చింది. 'నృత్తరత్నావళి'ని వి. రాఘవన్ పరిష్కరించగా 1965లో మద్రాసులో అచ్చయింది, 1969లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు. ఓరుగల్లు సేనాని పుస్తకం తెలుగువాళ్ళకు తెలుగులో చేరడానికి ఏడు వందల ఏళ్ళు పైనే పట్టింది.

చేరాక దాన్ని ఆడించినవాళ్ళూ వచ్చారు. నటరాజ రామకృష్ణ జాయప వర్ణనను, రామప్ప గుడి శిల్పాలను ఎదురెదురుగా పెట్టుకుని పేరిణిని తిరిగి కట్టారు. 1985లో రామప్పలోనే ప్రదర్శన ఇచ్చారు. అది 13వ శతాబ్ది పేరణేనా అంటే కాదనే చెప్పాలి. రాతిలో కదలిక ఉండదు, శ్లోకంలో వేగం ఉండదు. మధ్యనున్నదంతా రామకృష్ణ ఊహ. ఆ మాట నిజాయితీగా ఒప్పుకుంటే పేరిణి విలువ తగ్గదు.

పుస్తకం ఆసరా లేకుండా నిలిచిన దారం మరొకటి ఉంది. అది వాద్యాలది. రత్నాకరం వాద్యాధ్యాయంలో కిన్నరి వీణ లక్షణం చదవండి. వెదురు దండి, కింద సొరబుర్రలు, పైన 14 మెట్లు. మెట్లకు గద్ద ఎముక గాని, లోహం గాని వాడాలి. వాటిని దండి మీద నిలపడానికి గుడ్డ కాల్చిన మసి కలిపిన మైనం. ఇప్పుడు పాలమూరు వైపు దక్కలి కళాకారుల చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెర చూడండి. వెదురు, ఎండిన సొరబుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు, అలంకారానికి నెమలి ఈకలు. రెండు మెట్లు తగ్గాయి, నెమలి ఈకలు వచ్చాయి. వాయించేవాళ్ళెవరూ రత్నాకరం చదివినవాళ్ళు కారు, రత్నాకరం రాసినవాడు వాళ్ళ తాతముత్తాతల చేతుల్లో చూసి ఉండవచ్చు. సోమేశ్వరుడు రోకటి పాటను రాసుకున్నట్టే. ఈ కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

కొడంగల్ దాటి నారాయణపేట జిల్లాలోకి వెళ్తే దామరగిద్దలో మరో వాద్యం. సొరబుర్ర, వెదురు, లోహపు తీగలతో చేసిన బుర్రవీణ. దాన్ని పట్టిన దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పాడేది తత్వాలు, తెలుగులోనూ కన్నడలోనూ. ఈ రెండు భాషల సంగతి సరిహద్దు ఊళ్ళవాళ్ళకు వింతగా తోచదు. 1956 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోవి. రాష్ట్రాల పునర్విభజనలో గుల్బర్గా మైసూరుకు పోతే ఈ రెండూ ఇటు మిగిలాయి. తాండూరు లింగాయతుల ఇళ్ళలో బసవ వచనాలు కన్నడంలో వినిపిస్తాయి, పక్క వాడలో బసవన్న కథే తెలుగులో నడుస్తుంది. కల్యాణం నుంచి వచ్చిన శరణుల పాటకు, ఓరుగల్లు దిక్కు నుంచి వచ్చిన సోమనాథుడి ద్విపదకు ఇది కలిసే చోటు.

శార్ఙ్గదేవుడు తీగ వాద్యాలన్నిటిలో ఏకతంత్రికి, అంటే ఒంటితీగ వీణకు, అగ్రస్థానమిచ్చాడు. దాన్ని చూసినా తాకినా పాపాలు పోతాయన్నాడు. ఆ మాట అన్న వెంటనే మళ్ళీ లెక్కల అధికారి అయిపోయి, దండి పొడవెంత, బుర్ర చుట్టుకొలత ఎంత, తీగ ఎక్కడ కట్టాలి అని అంగుళాల్లో చెప్పుకుంటూ పోయాడు. బుర్రవీణ మీదా కిన్నెర మీదా ఈ కొలతలు ఎంతవరకు నిలుస్తాయో చూడాలంటే వాద్యాధ్యాయం చదివినవాళ్ళు కొలబద్ద పట్టుకుని దామరగిద్ద బస్సెక్కాలి. తాండూరు నుంచి కొడంగల్ మీదుగా దారి.